కొక్కెం మీద నా సంతకం

పోయిన నెల మదనపల్లెలో ఒక కార్యాలయం వాళ్లు పిలిస్తే వెళ్లాను. రిటైరైన వాళ్లకు శాలువా కప్పుతారట. ముందు గదిలో అద్దాల పెట్టె ఒకటి పెట్టి, అందులో పాత స్టెన్‌గన్ వేలాడదీశారు. లోపలి భాగాలన్నీ తీసేసి ఇక ఎప్పటికీ పేలకుండా చేసిన తుపాకీ. అందులో తప్పు లేదు. కానీ భుజాన తగిలించుకునే పట్టీ ఉండాల్సిన చోట ఎర్ర రిబ్బను కట్టి, మధ్యలో పువ్వులాగా ముడి వేశారు. పెళ్లిలో చదివించే బహుమతి పొట్లానికి కట్టినట్టు.

"దీని పట్టీ ఏమైంది?" అని అడిగాను.

నన్ను లోపలికి తీసుకుపోతున్న ఉద్యోగి నవ్వాడు. "పట్టీ యాడుందో ఎవురికి తెల్సు సార్. గన్ను ఉండాది కదా, అది సాలు."

శాలువా కప్పించుకోకుండానే ఇంటికి వచ్చేశాను. వయసు మీద పడి చాదస్తం వచ్చిందని మా ఇంట్లో వాళ్లు అనుకున్నారు. చాదస్తం కాదు, కోపం. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసి, పరీక్షించి, సిబ్బంది చేతికిచ్చే ఉద్యోగిగా, నా జీవితం గడిచిపోయింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మధ్యలో ఉన్న చిన్న ఊళ్లు, అన్నిచోట్లకూ పనిముట్ల పెట్టె పట్టుకుని బస్సుల్లో తిరిగాను. ఆ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నా ప్రమోషన్ల కథ అక్కర్లేదు. ఒక పట్టీ కథ, దాని కొసన ఉండే బొటనవేలంత కొక్కెం కథ చెబుతాను. అధికారుల పేర్లు రాయను. అది వాళ్ల మీద గౌరవంతో కాదు. పేరు రాస్తే ఒక్కడి తప్పు అనుకుని మిగతావాళ్లు హాయిగా నిద్రపోతారు.

ఇసుక కుప్ప మీద పాఠం

నాకు పని నేర్పింది కృష్ణోజీ అనే హెడ్ ఆర్మరర్. చిన్న మనిషి, పెద్ద గొంతు. చేరిన మొదటి వారంలో నాకు పది స్టెన్‌గన్‌లు ఇచ్చి శుభ్రం చేయమన్నాడు. నేను బ్యారెళ్లు అద్దంలా మెరిసేలా తుడిచి, వరసగా పెట్టి, మెచ్చుకుంటాడని పక్కన నిలబడ్డాను.

ఆయన ఒక్క బ్యారెల్‌లోకి కూడా తొంగి చూడలేదు. మొదటి గన్ను పట్టీ పట్టుకుని పైకి ఎత్తి, వడిసెల తిప్పినట్టు గిర్రున తిప్పాడు. రెండో చుట్టులోనే కొక్కెం ఊడి, గన్ను ఎగిరి ఎదురుగా ఉన్న ఇసుక కుప్ప మీద పడింది. పట్టీ ఆయన చేతిలో మిగిలింది.

"బ్యారెల్ బాగా తుడిసినావు," అన్నాడు. "మనిసి బ్యారెల్ని భుజానేసుకుంటాడా? పట్టీని ఏసుకుంటాడు. ముందు అది సూడు. ఊరికే ఏలాడదీసి సూడొద్దు, జాడించి సూడు. పోలీసోడు మొలకు తగిలిచ్చిన క్యాలెండరు కాదు. ఉరుకుతాడు, దూకుతాడు, పడతాడు."

ఆ రోజు సాయంత్రం దాకా పది గన్నుల పట్టీలూ తిప్పించాడు. మూడు ఊడాయి. నా భుజం వాచిపోయింది. ఈ పాఠం నాకు సర్వీసు మొదట్లోనే అందిందని గుర్తుపెట్టుకోండి. తెలియక చేశానని తరవాత చెప్పుకునే హక్కు నాకు లేదు.

స్టెన్‌గన్ గురించి కొంచెం చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో తొందరగా, చవగ్గా చేసిన తుపాకీ అది. ఒక ఇనుప గొట్టం, ఒక స్ప్రింగు, లోపల బరువైన బోల్టు, ఎడమ పక్కకు పొడుచుకొచ్చే మేగజైన్. మిగతా దేశమంతా పక్కన పెట్టేశాక కూడా మా ఆయుధాల గదిలో అవి చాలాకాలం మిగిలిపోయాయి. దానికి ఒక దుర్గుణం ఉంది. గుండ్లున్న మేగజైన్ పెట్టి ఉండగా, వెనక భాగం నేలకు గట్టిగా తగిలేటట్టు పడితే, ఆ అదురుకు బోల్టు తనంతట తానే వెనక్కి జరిగి, ముందుకొచ్చి గుండును కొడుతుంది. ట్రిగ్గర్ మీద ఎవరి వేలూ లేకపోయినా పేలుతుంది. ప్రతిసారీ కాదు. ఎప్పుడో ఒకసారి. ఆ ఎప్పుడో అన్నదే ప్రమాదం.

అలాంటి తుపాకీని నేల మీద పడకుండా ఆపేది పట్టీ ఒక్కటే. వెనక వైపు పట్టీని ఇనుప చట్రానికి చుట్టి బిగిస్తాం. ముందు వైపు బ్యారెల్‌ను పట్టి ఉంచే గొట్టానికి చిల్లులుంటాయి, ఆ చిల్లుల్లో ఒకదానిలో పట్టీ కొక్కెం దూరుతుంది. అంతే. నాలుగు కిలోలకు దగ్గరగా ఉన్న ఇనుము, ఒక మనిషి ప్రాణం, పక్కనున్న మనిషి ప్రాణం, ఆ కొక్కెం మీద వేలాడుతుంటాయి.

వెండి రంగు

ఈ కొక్కేలను మా పెద్దలు ఎలా చూశారో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఏడాదికోసారి జరిగే తనిఖీకి ముందు ఒక అధికారి వచ్చి కొక్కేలు నల్లగా, అసహ్యంగా ఉన్నాయని అన్నింటికీ సిల్వర్ పెయింటు వేయించాడు. బాగా మెరిశాయి. తనిఖీకి వచ్చినాయన మెచ్చుకున్నాడు. వాళ్లు వెళ్లాక నేను చాకు తీసుకుని ఒక్కొక్క కొక్కెం మీదా పెయింటు గీకాను. నాలుగింటికి వంపు దగ్గర వెంట్రుకంత పగుళ్లు ఉన్నాయి. పెయింటు కింద దాక్కున్నాయి. పెయింటు వేయించిన అధికారి ఎందుకు గీకావని నన్ను అందరి ముందూ తిట్టాడు. పగుళ్లు చూపించబోతే, "అవి నీకు కనపడతాయి, వచ్చే వాళ్లకు కనపడవు కదయ్యా," అన్నాడు.

ఈ మాట అన్నందుకు ఆయనకు ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాదు. పెయింటు వేసినవాడు హాయిగా పోతాడు, గీకినవాడు తిట్లు తింటాడు. నా సర్వీసంతా ఇదే చూశాను.

పుంగనూరు మహబూబ్ సాబ్

పాడైన పట్టీలకు బదులు పైనుంచి కొత్తవి రావడం ఎప్పుడో ఆగిపోయింది. కొందరు బూటు లేసులతో, కొందరు బట్టలారేసే తాడుతో తుపాకులు కట్టుకుని తిరుగుతుంటే చూడలేక, పుంగనూరులో మహబూబ్ సాబ్ దగ్గరికి వెళ్లాను. ఆయన వెనకటికి జట్కా గుర్రాలకు జీనూ కళ్లేలూ కుట్టినవాడు. జట్కాలు పోయాక బ్యాగులు, బెల్టులు కుడుతూ ఉండేవాడు.

పాత పట్టీని వేళ్లతో తడిమి, కొక్కెం చూసి, గన్ను ఎంత బరువని అడిగాడు. చెప్పాను. మందపాటి గుడ్డపట్టీని రెండు వరసల దారంతో కుట్టి, ఉక్కు కడ్డీని కొలిమిలో వంచి కొక్కెం చేయించి, దాని నోటికి అడ్డంగా తోలు నాలుక ఒకటి బిగించాడు. ఎంత జాడించినా చిల్లులోంచి కొక్కెం జారదు. అలా కుట్టినవి ఏళ్ల తరబడి వాడాం. ఒక్కటి తెగలేదు.

తరవాత మా దగ్గరికి ఒక కొత్త ఇనస్పెక్టరు వచ్చాడు. ఆ పట్టీలు ఒకదానికొకటి రంగు కలవడం లేదని, సంతలో కొన్నట్టున్నాయని వాటిని తీయించేశాడు. వాటి స్థానంలో నున్నటి నైలాను పట్టీలు వచ్చాయి. అన్నీ ఒకే ఆకుపచ్చ. కొసల్లో తళతళలాడే క్లిప్పు కొక్కేలు, కుక్క గొలుసుకు ఉంటాయే, అలాంటివి.

పరీక్షించి రాసిమ్మన్నాడు. రెండు రోజులు కావాలన్నాను.

"కొక్కేనికి రెండు రోజులా? భోజనం టైముకు కాగితం నా టేబుల్ మీద ఉండాలి గంగులప్పా," అన్నాడు.

ఇసుక మూట కట్టి ఒక పట్టీకి వేలాడదీశాను. గన్నుకు ఐదింతల బరువు. రెండు గంటలు వేలాడింది. చెక్కుచెదరలేదు. తిప్పి చూడలేదు. జాడించి చూడలేదు. కృష్ణోజీ ఇసుక కుప్ప నాకు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వచ్చినా, భోజనం టైము అవుతోందని, ఈయనతో గొడవెందుకని, 'వాడకానికి యోగ్యం' అని రాసి సంతకం పెట్టాను.

తరవాత వారం పుంగనూరు పనిమీద పోయి, ఒక పట్టీ మహబూబ్ సాబ్‌కు చూపించాను. ఆయన కొక్కేన్ని రాతి మీద టంగుమని కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ కొట్టాడు. ముఖం చిట్లించాడు.

"అరె గంగులప్పా భాయ్, ఇది లోహా కాదు. పోత. పిల్లోళ్ల బొమ్మలకు పోస్తారే, అది. దీన్ని గన్నుకు నక్కో. మేక మెడకు కూడా నక్కో."

"మూట కట్టి చూశాను సాబ్. నిలబడింది."

"మూట దూకుతాదా భాయ్?"

ఆ పట్టీ సంచిలో వేసుకుని వచ్చేశాను. రాసి ఇవ్వాలనుకున్నాను. రాస్తే, వారం కిందట యోగ్యమని రాసినవాడివి నువ్వే కదా అంటారు. రేపు రాద్దాం అనుకున్నాను. అలా మూడు వారాలు రేపు రేపు అనుకున్నాను.

లారీ మీది నుంచి

కుప్పం దాటాక సరిహద్దు దగ్గర బందోబస్తు పడింది. పొద్దున ఆయుధాలు నేనే లెక్క చూసి ఇస్తున్నాను. మొదటి వరసలో మునిరత్నం ఉన్నాడు. గుడుపల్లె దగ్గర పల్లె వాళ్లది, నెమ్మదస్తుడు, తుపాకీ అందుకునేటప్పుడు రెండు చేతులూ చాచే మనిషి. వాడి వెనక చౌడేపల్లె నాగరాజు.

నిబంధన ప్రకారం బండిలో పోయేటప్పుడు మేగజైన్ సంచిలో ఉండాలి, గన్నులో కాదు. ఇనస్పెక్టరు వచ్చి నిలబడి, "మేగజైన్లు ఇక్కడే పెట్టుకుని ఎక్కండి. అక్కడికి పోయి తడుముకుంటూ కూర్చోవద్దు," అన్నాడు.

"సార్, స్టెన్ను..." అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. నేను ఆపేశాను.

మునిరత్నం ఒక క్షణం నా ముఖంలోకి చూసి, మేగజైన్ పెట్టుకుని లారీ ఎక్కాడు.

మధ్యాహ్నం రెండింటికి లారీ ఆగింది. వెనక తలుపు తీశారు. మునిరత్నం ముందు దూకాడు. దూకిన అదురుకు భుజం మీది పట్టీ ముందు కొక్కెం రెండు ముక్కలైంది. గన్ను జారి, వెనక భాగం తారు రోడ్డుకు తగిలి, ఒక్క గుండు పేలింది. లారీ అంచు పట్టుకుని దిగబోతున్న నాగరాజు మోకాలు చిట్లిపోయింది.

నేను అక్కడ లేను. మదనపల్లెలో ఉన్నాను. ఫోన్ వచ్చింది. "మునిరత్నం చేతిలో స్టెన్ను పేలింది," అన్నారు. చేతిలో పేలడం కాదని, పట్టీ తెగిందని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అక్కడే బెంచీ మీద కూర్చున్నాను.

విచారణ

మునిరత్నం ఆదేశం లేకుండా మేగజైన్ పెట్టుకున్నాడని, నిర్లక్ష్యంగా దూకి ఆయుధాన్ని జారవిడిచాడని రాశారు. సస్పెండ్ చేసి ఇంటికి పంపారు. నన్ను పిలిచి ఇనస్పెక్టరు రెండే ప్రశ్నలు అడిగాడు.

"పట్టీలు పరీక్ష చేశావా?"

"చేశాను సార్."

"పాసయ్యాయా?"

"అయ్యాయి సార్."

"అంతే. ఇంకేం మాట్లాడొద్దు. మాట్లాడితే మొదట పోయేది నీ ఉద్యోగమే. సంతకం నీది."

నోరు మూసుకున్నాను. ఆయన మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. ఈ వయసులో కూడా ఆ గొంతు గుర్తొస్తే పిడికిలి బిగుసుకుంటుంది. కానీ నా నోరు ఆయన కుట్టలేదు. నేనే కుట్టుకున్నాను.

ఆసుపత్రిలో నాగరాజును చూడబోయాను. కాలు పైకి కట్టి ఉంది. నన్ను చూసి తనే మొదలుపెట్టాడు.

"మునిరత్నమన్న సేసింది కాదన్నా అది. నేను ఎనకాల్నే ఉండా. కొక్కెం పటుక్కుమని ఇరిగింది, నా కండ్లారా సూసినా. ఇనస్పెక్టరు సారే మేగజైన్ పెట్టుకోమన్యాడని గూడా సెప్పినా. రాసుకునే ఆయప్ప పెన్ను కింద పెట్టేసి, నొప్పిలో ఉండావు, పడుకో అన్యాడు. యాలన్నా రాసుకోలేదు?"

ఎందుకు రాసుకోలేదో నాకు తెలుసు. బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. పట్టుకుపోయిన బత్తాయిల గురించి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

రాజమ్మ తెచ్చిన ముక్క

ఏడు నెలలు గడిచాయి. మునిరత్నం పల్లెలో మల్బరీ ఆకు కోస్తున్నాడని, ఎవరితోనూ మాట్లాడటం లేదని వింటున్నాను. ఒక మధ్యాహ్నం అతని భార్య రాజమ్మ మా ఇంటికి వచ్చింది. కుప్పం నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు. కొంగు ముడి విప్పి, కాగితంలో చుట్టిన చిన్న ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఆ దినం రోడ్డు మీద ఏరుకున్యాడంట సార్. పెట్టిలో గుడ్డల కింద దాసిపెట్టినాడు. ఎవురికీ సూపించలేదు. ఆయన నన్ను పంపించలేదు, నేనే వచ్చినా. మీరు గన్నుల పని తెల్సినోళ్లు కదా. ఇది ఏందో సెప్పండి."

విరిగిన కొక్కెం ముక్క. విరిగిన చోట లోపల తేనెతుట్టెలాగా గాలి బుడగలు. పైన మాత్రం తళతళ. ఆ లోపలిది చూశాక అది పోత సరుకని ఎవరైనా చెప్పగలరు.

"ఇది మా ఆయన నిర్లక్ష్యంగా దూకితే ఇరిగిందా సార్?"

"కాదమ్మా."

"మరి ఆ మాట ఎవురు సెప్పాల?"

ఆమె ఏడవలేదు. గొంతు పెంచలేదు. నా సమాధానం కోసం నిలబడింది, అంతే. "నేను చెప్తాను," అన్నాను. నమ్మినట్టు లేదు. ముక్కను మళ్లీ కాగితంలో చుట్టుకుని, "ఇది నా దగ్గరే ఉంటాది. మీరు పిలిస్తే తెస్తా," అని వెళ్లిపోయింది. ఇన్నేళ్ల సర్వీసులో సాక్ష్యాన్ని అంత జాగ్రత్తగా చూసుకున్నవాళ్లను ఇంకెవరినీ చూడలేదు.

విరిగేదాకా

ఆ నెలలోనే కొత్త పై అధికారి వచ్చారు, ఒక ఆవిడ. మూడు పేజీలు రాసి తీసుకెళ్లి ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడ చదివి, "మూట కట్టి చూస్తే నిలబడిందని మీరే రాశారు. ఇప్పుడు బలహీనం అంటున్నారు. ఏది నమ్మాలి?" అన్నారు.

"చూపిస్తాను మేడమ్," అన్నాను.

మైదానంలో లారీ తెప్పించారు. పక్కనే టేబుల్ వేసుకుని ఆవిడ కూర్చున్నారు. ఇనస్పెక్టరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రాజమ్మను పిలిపించాను, ముక్క తెచ్చింది. స్టెన్‌గన్‌కు మేగజైన్ తీసేసి, లోపల గుండు కూర్చునే గది ఖాళీ అని అందరికీ చూపించి, పెట్టెలోంచి చేతికందిన నైలాను పట్టీ ఒకటి తగిలించి భుజాన వేసుకున్నాను. లారీ ఎక్కి దూకాను.

మొదటిసారి ఏమీ కాలేదు. ఇనస్పెక్టరు ముఖంలో చిరునవ్వు కనపడింది. రెండోసారి ఏమీ కాలేదు. అప్పటికి నాకు యాభై దగ్గర పడుతున్నాయి, మోకాళ్లు మంటలు.

"ఎన్నిసార్లు దూకుతారు?" అని ఆవిడ అడిగారు.

"విరిగేదాకా మేడమ్."

నాలుగోసారి కొక్కెం విరిగి గన్ను మట్టిలో పడింది. ఇంకో పట్టీ తీసుకున్నాను. అది రెండోసారికే విరిగింది. మూడో పట్టీ తీసుకోబోతుంటే ఆవిడ లేచి, "చాలు. ఇంక దూకొద్దు," అన్నారు. రాజమ్మ తెచ్చిన ముక్కనూ అప్పుడే విరిగిన ముక్కలనూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూశారు. అన్నింటిలోనూ అవే బుడగలు.

"వీటిని పాస్ చేసింది ఎవరు?"

"నేనే మేడమ్. జాడించి చూడాలని తెలిసీ చూడలేదు. పోత సరుకని తరవాత తెలిసీ రాయలేదు."

"మేగజైన్ పెట్టుకోమన్నది?"

నేను ఇనస్పెక్టరు వైపు తిరిగి ఆయన పేరు చెప్పాను. ఎనిమిది నెలల కిందట చెప్పాల్సిన పేరు.

నైలాను పట్టీలన్నీ వెనక్కి తీసుకున్నారు. మునిరత్నాన్ని ఉద్యోగంలోకి తీసుకున్నారు. నాకు శిక్ష పడింది. పడాల్సిందే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నాగరాజు కాలు మాత్రం మళ్లీ వంగలేదు. ఇవాళ్టికీ కర్ర పట్టుకునే నడుస్తాడు. ఇనస్పెక్టరును వేరే చోటికి బదిలీ చేశారు. అంతే. ఆ పట్టీలను ఎవరు ఎంచారో, ఎవరు పంపారో ఎవరూ అడగలేదు. కొన్నేళ్లకు ఆయన ఇంకో మెట్టు ఎక్కి ఒక సభలో కనపడ్డాడు. నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, "అప్పట్లో మన మధ్య చిన్న అపార్థం వచ్చింది కదా గంగులప్పా," అన్నాడు. అపార్థమట! చెయ్యి విడిపించుకున్నాను. ఒక మాట అనాల్సింది, అనలేకపోయాను. అది కూడా నా కోపాల లెక్కలో ఉంది.

చేరబోయేవాళ్లకు

ఇప్పుడు స్టెన్‌గన్‌లు లేవు. మీ చేతికి వచ్చేవి వేరే. అవి పడితే పేలవని మీకు చెబుతారు. చెప్పనివ్వండి, మీరు పట్టీ పట్టుకుని జాడించండి. భోజనం టైముకు కాగితం కావాలనే అధికారి ప్రతి చోటా ఉంటాడు. వాడికి కాగితం ఇవ్వకపోతే వాడు అరుస్తాడు, అంతకంటే ఏం చేయలేడు. నేను ఆ అరుపుకు భయపడ్డాను. నోటిమాటగా ఇచ్చిన ఆదేశాన్ని విన్నవాళ్లు మీరైతే, ఆ రోజే రాసిపెట్టుకోండి, తేదీతో సహా. తప్పు పరీక్ష చేస్తే మళ్లీ చేయండి, మొదటిది తప్పని మీ చేత్తోనే రాయండి. సిగ్గుపడితే పడండి. మీ సిగ్గు కంటే ఒకడి మోకాలు విలువైనది.

ఇవన్నీ చెప్పాక కూడా, అసలు సంగతి ఇంకొకటి మిగిలింది.

గుడుపల్లెలో

మునిరత్నాన్ని తిరిగి తీసుకుంటూ ఉత్తర్వు వచ్చిన వారానికి నేను గుడుపల్లె బస్సు దిగి, వాళ్ల పల్లెకు నడిచి వెళ్లాను. అతను చేనులోంచి మల్బరీ ఆకు మోపు తెచ్చి దించుతున్నాడు. నన్ను చూసి తలగుడ్డతో మంచం తుడిచి కూర్చోమన్నాడు. చిక్కిపోయాడు. తుపాకీ డ్యూటీ వద్దని, ఆఫీసులో తపాలా పని ఏదైనా ఇమ్మని అడుక్కున్నాడట.

దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా చెప్పాను. పట్టీ పాస్ చేసింది నేనని, పోత సరుకని ముందే తెలుసని, తప్పు నాదని. అతను తల వంచుకుని అంతా విన్నాడు.

"పట్టీ తెగినందుకు నాకు నీమీద కోపం లేదన్నా," అన్నాడు. "పనిలో తప్పు ఎవురైనా సేస్తారు. నేను సెయ్యలేదా? కానీ ఆ దినం పొద్దున ఆయప్ప మేగజైన్లు పెట్టుకోమన్నప్పుడు నువ్వు నా ఎదురుగానే ఉండావు. నువ్వు ఇన్నావని నాకు తెల్సు. ఇచారణకు పిల్సినప్పుడంతా, ఈపొద్దు గంగులప్పన్న సెప్తాడు, ఈపొద్దు సెప్తాడు అనుకుంటా బస్సెక్కి వస్తాంటి. నువ్వు ఆ ఆఫీసు వరండాలోనే కూసోని ఉంటివి. తలెత్తి సూస్తావేమోనని నేను సూస్తాంటి."

 ఆ వరండాలో కూర్చుని నేను దేన్ని చూస్తూ ఉన్నానో నాకు బాగా గుర్తుంది. నా బూట్లను.

రాజమ్మ ఇంట్లోంచి చెంబుతో మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టింది. నేను చెయ్యి చాచలేదు.  చివరికి మునిరత్నమే చెంబు తీసి, రెండు చేతులతో నాకు అందించాడు.

"తాగన్నా," అన్నాడు. "ఎండన పడి వచ్చినావు."